కీటకాల కోసం పనిచేసేవాళ్ళకి అవార్డు ఇవ్వాలంటే అసలు దేన్ని చూడాలి?

తూనీగ_రెక్క
మా ప్రకృతి బృందం ఈ ఏడాది నుంచి కీటక సంరక్షణలో గొప్పగా పనిచేసినవాళ్ళకి ఒక అవార్డు పెట్టాలనుకుంటోంది. నిబంధనలు రాసే పని నా మీద పడింది. పులుల కోసం, పక్షుల కోసం పనిచేసేవాళ్ళని ఎలా ఎంచాలో అందరికీ కొంత అలవాటుంది. పురుగుల దగ్గరికి వచ్చేసరికి కమిటీలో కూర్చున్నవాళ్ళకే ఏం చూడాలో తోచడం లేదు.

కిందటేడు వేరే సంస్థ ఒకటి ఇలాంటి అవార్డే ఇచ్చింది. ఒకటి పురుగులని బాగా దగ్గర్నుంచి మాక్రో ఫోటోలు తీసే ఆయనకి, ఒకటి తేనెటీగల పెట్టెల మీద శిక్షణ ఇచ్చే ఆవిడకి, ఒకటి సభల్లో బాగా మాట్లాడే ఒక ప్రముఖుడికి. ముగ్గురూ మంచివాళ్ళే. కానీ వీళ్ళ వల్ల ఏ జాతి నిలబడింది, ఏ ఆవాసం బాగుపడింది అని అడిగితే సన్మానపత్రంలో ఒక్క ముక్క లేదు. అదే హాల్లో వెనక వరసలో ఒక పెద్దాయన కూర్చున్నారు. ఏళ్ళ తరబడి ప్రతి వారం ఒకే దారిలో నడిచి సీతాకోకచిలుకల లెక్క రాస్తున్న మనిషి. ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు. నాకు చాలా బాధేసింది.

మన దగ్గర అలా జరగకూడదు. మీరైతే ఎవరికి ఇస్తారు, ఏం చూసి ఇస్తారు?

కందిరీగ77
ఫోటోగ్రాఫర్లని అంత తేలిగ్గా పక్కన పెట్టకండి. తేదీ, చోటు వివరాలతో పెట్టిన ఫోటో ఒక రికార్డు. నేను పెట్టిన ఫోటోల్లో ఒక కందిరీగని చూసి, అది ఆ ప్రాంతంలో ఇంతవరకు నమోదు కాలేదని ఒక పరిశోధకురాలు నాకు మెయిల్ రాసింది.

తూనీగ_రెక్క
@కందిరీగ77 మీరు తేదీ, చోటు పెట్టారు. ఆ అవార్డు తీసుకున్నాయన ఫోటోల కింద కవిత్వం తప్ప ఏమీ ఉండదు. తేడా అక్కడే ఉంది.

గొంగళి
కొంతమంది పురుగులని సూదికి గుచ్చి, ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడి కదలకుండా ఉన్నప్పుడు ఫోటో తీస్తారు. అలాంటివాళ్ళకి మాత్రం ఇవ్వొద్దు ప్లీజ్.

లెక్కల_మాస్టారు
మీరు చెప్పిన ఆ పెద్దాయన లాంటివాళ్ళ గురించే నేను మాట్లాడతాను, కొంచెం పొడవవుతుంది.

2017లో జర్మనీ నుంచి ఒక పరిశోధన వచ్చింది. ప్రపంచమంతా పత్రికల మొదటి పేజీలో వేశారు. 63 రక్షిత ప్రాంతాల్లో 27 ఏళ్ళ పాటు ఎగిరే కీటకాలని పట్టి తూకం వేస్తే, మొత్తం బరువు 75 శాతానికి పైగా పడిపోయింది. రక్షిత ప్రాంతాల్లోనే ఇంత! ఆ డేటా ఎవరిది? క్రెఫెల్డ్ అనే ఊళ్ళోని కీటక శాస్త్ర సంఘానిది. 1905లో పెట్టిన సంఘం. సభ్యుల్లో చాలామంది వేరే ఉద్యోగాలు చేసుకుంటూ ఇష్టం కొద్దీ పనిచేసేవాళ్ళు. గుడారంలా ఉండే మలేజ్ ట్రాప్‌ని ప్రతిసారీ ఒకే కొలతలతో, ఒకే పద్ధతిలో కట్టారు. పట్టిన పురుగులని సీసాల్లో ఆల్కహాల్ పోసి దాచారు. మొదటి సంవత్సరాల్లో ఎవరైనా వచ్చి "ఇదంతా ఎందుకు" అని అడిగి ఉంటే చూపించడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఆ పనికి విలువ పదో ఏటికి, ఇరవయ్యో ఏటికి గానీ రాలేదు.

ఎంత కాలం, ఎంత ఒకే పద్ధతిలో అన్నది నా మొదటి కొలబద్ద. మధ్యలో పద్ధతి మార్చేస్తే పాత లెక్కకీ కొత్త లెక్కకీ పొంతన కుదరదు. విసుగొచ్చినా మార్చకుండా ఉండడమే ఇందులో అన్నిటికన్నా కష్టం.

నిశాచరి
మాస్టారూ, లెక్క పెడితే జాతి బతుకుతుందా? లెక్క పెడుతూ ఉండగానే అంతరించిపోయినవి లేవా?

లెక్కల_మాస్టారు
@నిశాచరి లెక్క ఒక్కదానితో బతకదు. లెక్క లేకపోతే మాత్రం పోయిన సంగతి కూడా తెలియదు. ఇప్పటిదాకా పేరు పెట్టిన కీటక జాతులు దాదాపు 10 లక్షలు. అంతరించే ప్రమాదం ఎంతుందో ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) పరిశీలించినవి నూటికి ఒకటో రెండో. పక్షులకైతే దాదాపు అన్నిటికీ పరిశీలన అయిపోయింది.

పచ్చపురుగు
ఆ పెద్దాయన చేసేది పొలార్డ్ నడక అనుకుంటా. బ్రిటన్‌లో ఎర్నీ పొలార్డ్ తయారుచేసిన పద్ధతి. ఒకే దారి, వారానికోసారి, ఎండ బాగుండి గాలి తక్కువగా ఉన్న రోజు, 5 మీటర్ల వెడల్పులో కనిపించినవే రాయాలి. 1976 నుంచి అక్కడ వాలంటీర్లు ఆ పద్ధతిలోనే నడుస్తున్నారు. ఎక్కడెక్కడో దేశాలు దాన్నే తీసుకున్నాయి. ఒక మనిషి పేరు ఒక నడకకి నిలిచిపోవడం కన్నా పెద్ద గుర్తింపు ఏముంటుంది!

తేనెపట్టు_రాణి
తేనెటీగల శిక్షణ ఇచ్చే ఆవిడ గురించి అన్న మాట నాకు నచ్చలేదు. నేనూ పెట్టెలు పెట్టి పెంచుతాను. మా చుట్టుపక్కలవాళ్ళు పురుగుమందు కొట్టేముందు ఇప్పుడు నాకు ఫోన్ చేసి చెబుతున్నారు. పూలున్నప్పుడు కొట్టడం మానేశారు. అది సంరక్షణ కాదా?

నేల_గూడు
@తేనెపట్టు_రాణి మందు వాడకం తగ్గించింది కదా, ఆ పని కచ్చితంగా సంరక్షణే. పెట్టెలు పెంచడం మాత్రం కాదు. ప్రపంచంలో 20,000కి పైగా తేనెటీగ జాతులున్నాయి. పెట్టెల్లో పెంచేవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. మిగతావాటిలో ఎక్కువ భాగం ఒంటరిగా మట్టిలో, ఎండు కాడల్లో, చెక్క తొర్రల్లో గూడు కట్టుకునేవి. వాటికి రాణీ ఉండదు, పట్టూ ఉండదు. పెట్టెలు మరీ ఎక్కువైతే పూల దగ్గర వీటికి మకరందం మిగలదు. పెంపుడు తేనెటీగల నుంచి వైరస్‌లు బంబుల్‌బీలకి (ఒంటినిండా నూగుండే లావుపాటి తేనెటీగలు) అంటుకోవడం కూడా నమోదైంది. ఆవులు, కోళ్ళు పెంచేవాళ్ళకి వన్యప్రాణి అవార్డు ఇవ్వం కదా.

తేనెపట్టు_రాణి
పోలిక బాగోలేదు. తేనెటీగలు లేకపోతే జనం ఏ పురుగు గురించీ ఆలోచించేవాళ్ళే కాదు. వాటి పేరు చెప్పే మిగతావాటి దగ్గరికి తీసుకెళ్ళాలి. శిక్షణలో నేను మట్టిలో గూళ్ళు కట్టేవాటిని కూడా చూపిస్తాను. తవ్వకుండా, సిమెంటు వేయకుండా కొంత నేల వదిలేయమని చెబుతాను.

నేల_గూడు
అలా అయితే మీ పేరు నేనే పంపిస్తాను. నిజంగానే అంటున్నాను. ఆ వదిలేసిన నేల ఫోటో ఒకటి పంపండి.

పేడపురుగు_ఫ్యాన్
అందరూ సీతాకోకచిలుకలు, తేనెటీగలు అంటున్నారు. పేడపురుగులకీ చెదలకీ బొద్దింకలకీ ఎవరైనా ఉన్నారా? ఈ ఏడాది బొద్దింక కోటా పెట్టండి :)

గొంగళి
బొద్దింక అవార్డు మా అమ్మ చేతుల మీదుగా ఇప్పిద్దాం. చెప్పు సిద్ధంగా ఉంది.

రాతికొండ
పేడపురుగు అన్న నవ్విస్తున్నా అందులో అసలు విషయం ఉంది. అట్లాంటిక్ సముద్రంలోని సెయింట్ హెలీనా దీవిలో ఒక పెద్ద ఇయర్‌విగ్ ఉండేది, వెనక పటకారు లాంటి కొండీలు ఉండే పురుగు. 8 సెంటీమీటర్ల దాకా పెరిగేది. ప్రాణంతో ఉన్నదాన్ని ఆఖరుసారి 1967లో చూశారు. 2014లో అంతరించిందని ప్రకటించారు. దాని కోసం కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఎంతమంది?

దానికి పూర్తిగా భిన్నంగా జరిగిన ఇంకో దీవి సంగతి చెబుతాను. ఆస్ట్రేలియాకి చెందిన లార్డ్ హౌ దీవిలో అరచేయంత పొడవు నల్లటి కర్రపురుగులు ఉండేవి. 1918లో ఓడ ఒకటి ఒడ్డున చిక్కుకుని ఎలుకలు దిగాయి. కొద్ది ఏళ్ళలోనే పురుగులు మాయమయ్యాయి. పోయాయనే అందరూ రాసుకున్నారు. 2001లో కొందరు దూరంగా సముద్రంలో నిలువుగా లేచిన బాల్స్ పిరమిడ్ అనే రాతిశిఖరం ఎక్కారు. 550 మీటర్లకి పైగా ఎత్తు. ఆ రాతి మీద ఒక పొద కింద, రాత్రి పూట, 24 పురుగులు కనిపించాయి. ప్రపంచంలో మిగిలినవి అంతే అనుకున్నారు. 2003లో రెండు జంటలని కిందకి తెచ్చారు. ఒక జంట త్వరగానే చనిపోయింది. మెల్‌బోర్న్ జూకి వెళ్ళిన జంటలో ఆడది ఈవ్ కూడా జబ్బుపడింది. జూలో పనిచేసే పాట్రిక్ హోనన్ కాల్షియం, మకరందం కలిపి చుక్క చుక్కగా పట్టి దాన్ని నిలబెట్టాడు. అది పెట్టిన గుడ్ల నుంచే ఆ వంశం పెరిగింది. లార్డ్ హౌ మీద ఎలుకలని తొలగించే పని 2019లో చేశారు.

ఇప్పుడు చెప్పండి, అవార్డు ఎవరికి? శిఖరం ఎక్కినవాళ్ళకా, చుక్కలు పట్టినాయనకా, ఎలుకలని తొలగించినవాళ్ళకా?

కందిరీగ77
చుక్కలు పట్టినాయనకి! పురుగుకి జబ్బు చేస్తే వైద్యం చేయాలన్న ఆలోచన వచ్చిన మనిషికి నేను రెండు చేతులా దండం పెడతాను.

లెక్కల_మాస్టారు
ఎలుకల పని చేసినవాళ్ళకి నా ఓటు. జూలో ఎన్ని పెరిగినా తిరిగి వెళ్ళడానికి చోటు లేకపోతే అవి జూ పురుగులే.

నిశాచరి
నాకు వేరే ఆలోచన వస్తోంది. ఒక్కరికే ఎందుకివ్వాలి? మోనార్క్ సీతాకోకచిలుకల కథ చూడండి. ఉత్తర అమెరికాలో ఎగిరే ఇవి చలికాలంలో ఎక్కడికి వెళ్తాయో అప్పట్లో బయటి శాస్త్రవేత్తలెవరికీ తెలియదు. కెనడాలో ఫ్రెడ్ ఉర్కార్ట్, ఆయన భార్య నోరా దశాబ్దాల పాటు రెక్కలకి చిన్న చీటీలు అంటించి వదిలారు, వేలమంది వాలంటీర్లని కూడగట్టారు. 1975 జనవరిలో మెక్సికో కొండల్లో ఆ చోటు దొరికింది. కొండలెక్కి వెతికింది కెన్ బ్రగ్గర్, కటలీనా అగ్వాడో. కటలీనాది ఆ మెక్సికో ప్రాంతమే. 1976 ఆగస్టు నేషనల్ జియోగ్రాఫిక్ అట్ట మీద సీతాకోకచిలుకల మధ్య కనిపించే అమ్మాయి ఆమే. లోపల వ్యాసం రాసింది ఉర్కార్ట్. 1998లో ఆయనకీ నోరాకీ ఆర్డర్ ఆఫ్ కెనడా వచ్చింది, అది న్యాయమే. కటలీనా పేరు మాత్రం చాలా ఏళ్ళ పాటు ఎవరి నోటా రాలేదు. ఆ కొండల కింద ఊళ్ళవాళ్ళకి అవి ప్రతి ఏడాదీ వస్తాయని ఎప్పటి నుంచో తెలుసు. వాళ్ళని ఎవరూ అడగలేదు.

ఇంకో ముక్క. 1976లో ఉర్కార్ట్ ఆ కొండకి వెళ్ళినప్పుడు బరువుకి ఒక కొమ్మ విరిగి పడింది. కింద పడ్డవాటిలో చీటీ ఉన్నది ఒకటి దొరికింది. దాన్ని అంటించింది అమెరికాలోని మిన్నెసోటాలో ఒక స్కూల్ టీచర్, ఇద్దరు విద్యార్థులు. వాళ్ళు లేకపోతే అన్ని వేల కిలోమీటర్లు వచ్చినవి ఇవేనని చేతిలో పెట్టి చూపించడానికి ఏముండేది?

తూనీగ_రెక్క
@నిశాచరి ఇది చదివాక ఒక నిబంధన రాసేశాను: నామినేషన్‌లో ఆ పనిలో పాలుపంచుకున్నవాళ్ళందరి పేర్లూ ఉండాలి. దారి చూపినవాళ్ళు, ట్రాప్ కట్టినవాళ్ళు కూడా. ఫలకం మీద ఒక్క పేరే పట్టినా సన్మానపత్రంలో అందరూ ఉంటారు.

మౌనిక_ఎం
మోనార్క్‌ల గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఓమెరో గోమెస్ పేరు కూడా ఇక్కడ ఉండాలి. ఒకప్పుడు చెట్లు కొట్టే పనిలో ఉన్నవాడు, తర్వాత అదే అడవిలో మోనార్క్‌ల అభయారణ్యానికి కాపలాదారు అయ్యాడు. ఊరివాళ్ళని ఒప్పించి కొట్టేసిన చోట మళ్ళీ మొక్కలు నాటించాడు. 2020 జనవరిలో కనిపించకుండా పోయాడు, రెండు వారాల తర్వాత బావిలో శవమై తేలాడు. కొంతమందికి గుర్తింపు బతికుండగానే కావాలి. పదిమందికీ తెలిసిన మనిషి జోలికి వెళ్ళడానికి ఎవరైనా కొంచెం జంకుతారు.

రాతికొండ
ఆయన అప్పటికే పదిమందికీ తెలిసినవాడే, మౌనిక గారూ. వీడియోలు పెట్టేవాడు, విలేకరులు వచ్చేవాళ్ళు. అయినా ప్రాణం దక్కలేదు. కొన్నిసార్లు పేరు బయటపడడమే ప్రమాదం. చెట్లు కొట్టేవాళ్ళతోనో ఇసుక తవ్వేవాళ్ళతోనో గొడవ పడుతున్న మనిషిని స్టేజీ ఎక్కించే ముందు ఆయన్ని అడగాలి, ఇంట్లోవాళ్ళని కూడా.

మౌనిక_ఎం
అవును, అది నిజం. పేరు రహస్యంగా ఉంచి ఇచ్చే వీలు కూడా పెట్టాలి.

జిల్లేడు_మొక్క
నా అనుమానం వేరు. సంరక్షణ పేరుతో చేసిన పనే చెడు చేస్తే? లార్జ్ బ్లూ సీతాకోకచిలుక విషయంలో అదే అయింది. బ్రిటన్‌లో సీతాకోకచిలుకలు సేకరించేవాళ్ళ నుంచి కాపాడాలని కొన్ని చోట్ల కంచెలు వేశారు. ఆ రోజుల్లో అవార్డు ఉంటే కంచె వేసినాయనకే ఇచ్చేవాళ్ళు. కంచె వల్ల పశువులు లోపలికి రాలేదు, గడ్డి ఏపుగా పెరిగింది. 1950ల్లో జబ్బు వచ్చి కుందేళ్ళు చచ్చిపోయాయి, గడ్డి ఇంకా పెరిగింది. నేల మీద ఎండ పడక చల్లబడింది. ఆ నేలలో ఉండే ఒక ఎర్రచీమ జాతి తగ్గిపోయింది. ఆ చీమ లేకపోతే ఆ సీతాకోకచిలుక లేదు! దాని గొంగళి కొన్ని వారాలు థైమ్ అనే చిన్న మొక్క పూలు తిని కింద పడుతుంది. చీమలు అది తమ పిల్లే అనుకుని పుట్టలోకి మోసుకెళ్తాయి. లోపల అది చీమ పిల్లలనే తింటూ పది నెలలు గడుపుతుంది. 1979లో బ్రిటన్‌లో పూర్తిగా పోయింది.

ఈ ముడి విప్పింది జెరెమీ థామస్. ఏ జాతి చీమ కావాలో, గడ్డి ఎంత పొట్టిగా ఉండాలో ఆయన నేల మీద పడుకుని తేల్చాడు. తర్వాత డేవిడ్ సిమ్‌కాక్స్, మిగతావాళ్ళు కలిసి చోటు సిద్ధం చేశారు. 1983లో స్వీడన్ నుంచి తెచ్చి వదలడం మొదలుపెట్టారు. ఇప్పుడు మళ్ళీ ఎగురుతోంది.

లెక్కల_మాస్టారు
@జిల్లేడు_మొక్క చాలా మంచి ఉదాహరణ. అందుకే వేడి వేడిగా అవార్డు ఇవ్వకూడదు. పని మొదలుపెట్టి కనీసం ఐదేళ్ళు గడిచి, ఆ చోట జాతి పెరిగిందో తగ్గిందో రాసిన లెక్క ఉండాలి.

కందిరీగ77
ఐదేళ్ళంటే కుర్రవాళ్ళెవరూ రారు మాస్టారూ. ఇరవై రెండేళ్ళ అమ్మాయి నదీతీరంలో తూనీగల మీద పనిచేస్తుంటే ఆమెని ఇరవై ఏడు వచ్చేదాకా ఆగమంటారా? అప్పటికి ఆమె వేరే ఉద్యోగంలో చేరిపోతుంది. పురుగుల మీద పనిచేస్తే జీతం ఎవరిస్తారన్న టెన్షన్ మామూలుది కాదు.

మౌనిక_ఎం
అలాంటివాళ్ళకి వేరే అవార్డు ఉండాలి. అమెరికాలో కీటకాల సంరక్షణ కోసం పనిచేసే జెర్సీస్ సొసైటీ సీతాకోకచిలుకలు, మాత్‌ల (రాత్రిళ్ళు దీపాల చుట్టూ తిరిగేవి) సంరక్షణ మీద పరిశోధన చేసే విద్యార్థులకి జోన్ మోసెంథాల్ డివిండ్ పేరుతో ఒకటి ఇస్తుంది. చేసినదానికి సన్మానంలా కాదు, చేయబోయే పనికి చేయూతగా. బ్రిటన్‌లో రాయల్ ఎంటమాలజికల్ సొసైటీ అనే కీటక శాస్త్ర సంఘంతో కలిసి మార్ష్ ట్రస్ట్ ఇచ్చేది ఇంకో రకం. జీవితకాలపు కృషికి ఇవ్వొచ్చు, లేదా ఒక్క ముఖ్యమైన ప్రాజెక్టులో ఆదర్శంగా నిలిచే పనికైనా ఇవ్వొచ్చు. ఆ రెండు దారులూ తెరిచి ఉంచడం నాకు బాగా నచ్చింది.

పచ్చపురుగు
జెర్సీస్ అన్న పేరు ఎలా వచ్చిందో తెలుసా? శాన్‌ఫ్రాన్సిస్కో ఇసుకదిబ్బల్లో ఉండే జెర్సీస్ బ్లూ అనే చిన్న నీలి సీతాకోకచిలుకది. ఊరు పెరిగి దిబ్బలు పోయాయి, 1940ల మొదట్లో అది పోయింది. 1971లో రాబర్ట్ పైల్ సంస్థ పెట్టినప్పుడు ఆ పేరు తీసుకున్నాడు.

పేడపురుగు_ఫ్యాన్
అవార్డుకి బదులు కొత్త జాతికి వాళ్ళ పేరు పెడితే? ఖర్చు కూడా లేదు. ఫలకం దుమ్ము పట్టిపోతుంది, జాతి పేరు ఉంటుంది.

నేల_గూడు
పేరు పెట్టడం కొత్త జాతిని వర్ణించిన శాస్త్రవేత్త ఇష్టం, కమిటీ చేతిలో ఉండదు. ఇంకో చిక్కు, పేరు వల్ల పురుగుకే హాని జరగొచ్చు. స్లొవేనియా గుహల్లో కళ్ళు లేని ఒక పురుగుకి 1937లో హిట్లర్ పేరు పెట్టారు. ఆ పేరు మోజుతో కొనుక్కునేవాళ్ళు తయారై, గుహల్లోంచి దాన్ని దొంగతనంగా పట్టుకుపోతున్నారు. పాపం ఆ పురుగు ఏం చేసింది?

పేడపురుగు_ఫ్యాన్
అయ్యో. నా ప్రతిపాదన వెనక్కి.

గొంగళి
ఏ ఫలితమూ రాని పని సంగతేంటి? అందరూ జాతి పెరగాలి, లెక్క చూపించాలి అంటున్నారు.

రాబిన్ థోర్ప్ అని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో ప్రొఫెసర్ ఉండేవారు. రిటైర్ అయ్యాక ఫ్రాంక్లిన్ బంబుల్‌బీ అనే ఒకే ఒక జాతి కోసం ప్రతి వేసవీ కొండ పచ్చికల్లో తిరిగారు. 1998లో మొదలుపెట్టినప్పుడు అవి బాగానే కనిపించేవి. ఏడాదికేడాది తగ్గుతూ 2006లో ఒక్కటే కనిపించింది, అదే ఆఖరు. ఆ తర్వాత కూడా ఆయన వెతకడం మానలేదు. 2019లో చనిపోయారు. 2021లో ఆ జాతిని అంతరించే ప్రమాదంలో ఉన్నదని అమెరికా చట్టంలో చేర్చారు. ఆయన రాసిన నోట్సు లేకపోతే దేన్ని చూసి చేర్చేవాళ్ళు? జాతి దొరకలేదు. నాకు మాత్రం ఆయన చేసినది గొప్ప పని.

లెక్కల_మాస్టారు
@గొంగళి నేను చెప్పిన నిబంధనని ఇక్కడ సడలించడానికి ఏ అభ్యంతరమూ లేదు. జాతి పెరగాలి అనేకన్నా "ఆ జాతికి ఏమవుతోందో ఈ పని వల్ల తెలిసిందా, ఆ తెలిసినదాన్ని ఎవరైనా వాడారా" అని అడగొచ్చు.

తూనీగ_రెక్క
ఇది రాసుకుంటున్నాను. చాలా బాగుంది.

అడవి_అంచు
నేను కంపెనీ ఆవరణల్లో పచ్చికల నిర్వహణ చూస్తాను. మా పనిలో సంరక్షణ అంటే ఒక్కోసారి ఏమీ చేయకపోవడమే. గడ్డి కోయడం ఆలస్యం చేయడం, ఎండిన కాడలు అలాగే ఉంచడం, పడిన చెట్టుని తీసుకెళ్ళకుండా వదిలేయడం. ఇలా వదిలేస్తే వెంటనే ఫిర్యాదులు వస్తాయి, చెత్తగా ఉంది, పాములొస్తాయి అని. పై ఆఫీసరుకి జవాబు చెప్పుకుంటూ వాటిని అలా ఉంచడం కోసం మా సూపర్‌వైజర్ ఎన్ని మాటలు పడిందో నేను చూశాను. ఆమె ఏ పేపరూ రాయలేదు, ఏ ఫోటో తీయలేదు. ఆమె కాపాడిన కాడల్లో ఎన్ని రకాల ఒంటరి తేనెటీగలు గూళ్ళు కట్టుకున్నాయో చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఇలాంటివాళ్ళని మీ ఫారంలో ఏ గడిలో పెడతారు?

నేల_గూడు
నా దృష్టిలో ఆమె అందరికన్నా ముందు.

తేనెపట్టు_రాణి
నా ఓటు కూడా. నా పేరు ఈ ఏడాది పంపొద్దు నేల_గూడు గారూ, ఆవిడది పంపండి.

రాతికొండ
చట్టాలు మార్పించేవాళ్ళని కూడా మర్చిపోవద్దు. జర్మనీలోని బవేరియాలో 2019లో "తేనెటీగలని కాపాడండి" అని ప్రజాభిప్రాయం కోసం సంతకాలు తీసుకున్నారు. ఓటర్లలో 10 శాతం సంతకం చేస్తే చాలు, 18 శాతం చేశారు. 17 లక్షలకి పైగా జనం రెండు వారాల్లో ఆఫీసులకి వెళ్ళి వరసల్లో నిలబడి చేసిన సంతకాలు. ప్రభుత్వం ఆ ప్రతిపాదనని చట్టంగా ఒప్పుకోవాల్సి వచ్చింది. మాస్టారు చెప్పిన క్రెఫెల్డ్ లెక్కలు వచ్చి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. సీసాల్లో పురుగులు దాచినవాళ్ళ కష్టం అలా చట్టం దాకా వెళ్ళింది.

కందిరీగ77
17 లక్షల మందికి ఫలకాలు చేయించాలంటే బృందం దివాలా తీస్తుంది :)

నిశాచరి
అసలు ఫలకం ఎందుకు? వాళ్ళకి కావలసింది వేరే. మా దగ్గర మాత్‌లు చూసే ఒకావిడని పిలిచి శాలువా కప్పి ఇంత పెద్ద మెమెంటో ఇచ్చారు. ఆవిడ మైక్రోస్కోప్ పాడై చాలా కాలమైంది. ఆ మెమెంటో డబ్బుతో మంచి లెన్స్ వచ్చేది. ఇవ్వబోయేవాళ్ళని ముందే అడగండి: పరికరం కావాలా, ప్రయాణ ఖర్చులా, అడవిలోకి వెళ్ళే అనుమతి కోసం ఉత్తరమా, నోట్‌బుక్కులు కంప్యూటర్లోకి ఎక్కించే మనిషా? చాలామంది ఆఖరిదే అడుగుతారు. మనిషి పోతే నోట్‌బుక్కులు పాత కాగితాలవాడి దగ్గరికి పోతాయి.

లెక్కల_మాస్టారు
నోట్‌బుక్కులు ఎక్కించే పనికి నేను వస్తాను. రిటైరయ్యాను, టైపింగ్ వచ్చు. పాత చేతిరాతలు చదవడం కూడా అలవాటే.

మౌనిక_ఎం
జ్యూరీలో ఎవరుంటారు? పురుగులని గుర్తుపట్టగలిగినవాళ్ళు ఒక్కరైనా ఉండాలి. ఒకసారి ఒక పోటీలో పూల ఈగకి తేనెటీగ విభాగంలో బహుమతి ఇచ్చారు. ఈగకి రెండు రెక్కలు, తేనెటీగకి నాలుగు, అది కూడా చూడలేదు.

తూనీగ_రెక్క
జ్యూరీలో ఒక వర్గీకరణ నిపుణురాలు, క్షేత్రంలో తిరిగే వాలంటీరు ఒకరు, భూమి నిర్వహణ తెలిసినవాళ్ళు ఒకరు అనుకుంటున్నాం. @అడవి_అంచు మీరు వస్తారా?

అడవి_అంచు
మా సూపర్‌వైజర్ పేరు పంపిస్తే నేను జ్యూరీలో ఉండకూడదు కదా. వేరేవాళ్ళని చూడండి. నేను ఫారం రాస్తాను.

గొంగళి
ఎవరికి వాళ్ళే నామినేట్ చేసుకోవచ్చా?

జిల్లేడు_మొక్క
వద్దంటాను. నిజంగా పనిచేసేవాళ్ళు తమ పేరు తాము పంపుకోరు.

కందిరీగ77
ఒంటరిగా పనిచేసేవాళ్ళని పంపేది ఎవరు మరి? చుట్టూ ఎవరూ లేనివాళ్ళు చాలామంది. పంపుకోనివ్వండి, పని చూసినవాళ్ళ సంతకం ఒకటి అడగండి.

తూనీగ_రెక్క
కందిరీగ గారి మాటే పెడుతున్నాను. జిల్లేడు గారూ, ఒక ఏడాది చూద్దాం, తేడా వస్తే మారుద్దాం.

జిల్లేడు_మొక్క
సరే. నాకు ఇంకా నమ్మకం లేదు కానీ సరే.

నిశాచరి
సభ సాయంత్రం పెడితే స్టేజీ మీద ఫ్లడ్‌లైట్లు వద్దు. మాత్‌లన్నీ వచ్చి వాటి చుట్టూ తిరిగి అక్కడే రాలిపోతాయి. ఇంతకుముందు ఒక పర్యావరణ సభలో తెల్లారి చూస్తే లైట్ల కింద కుప్పలు. పగలు పెట్టండి, లేదంటే లోపల హాల్లో కర్టెన్లు వేసి.

తూనీగ_రెక్క
పగలే.

మౌనిక_ఎం
ఒక సందేహం. నేను పంపాలనుకుంటున్న ఆవిడకి చదువు రాదు. పశువులు మేపుతూ ఏ మొక్క మీద ఏ గొంగళి ఉంటుందో, ఏ నెలలో రెక్కలొస్తాయో అన్నీ చెబుతుంది. పరిశోధన చేసే పిల్లలు ఆవిడ వెంట తిరిగి నేర్చుకుంటున్నారు. ఫారం మొత్తం రాతలోనే ఉండాలా?

తూనీగ_రెక్క
అక్కర్లేదు. ఆవిడ మాటల్లోనే రికార్డు చేసి ఆడియో పంపండి, దాన్నే నామినేషన్‌గా తీసుకుంటాం. పురుగులకి ఆవిడ ఏ పేర్లు చెబితే ఆ పేర్లే ఉండనివ్వండి, ఏ జాతో జ్యూరీ చూసుకుంటుంది. నేర్చుకున్న పిల్లల్లో ఒకరిద్దరితో కూడా మాట్లాడించండి.

మౌనిక_ఎం
ఈ వారంలోనే వెళ్తాను. ఆవిడ మేతకి వెళ్ళే వేళకి ముందే చేరుకోవాలి.